పేపర్ ప్రకటనతో సమన్లు అందినట్టేనా?

సివిల్ దావాలో అసలు కష్టం వాదనల దగ్గర మొదలవుతుందని బయటివాళ్లు అనుకుంటారు. దావా వేసినవాళ్లను అడిగితే వేరే మాట చెప్తారు. ప్రతివాది చేతికి సమన్లు చేరడమే పెద్ద గండం. అది దాటేదాకా కేసుకు నంబరు పడుతుంది, వాయిదాలు పడతాయి, లాయరు ఫీజు పడుతుంది, కేసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనిషి దొరకడం లేదు కదా అని పేపర్లో ఒక ప్రకటన వేయించి చేతులు దులుపుకోవడం తప్పు. అది ప్రతివాదికి అన్యాయం, పైగా దానివల్ల వాదికి కూడా ఒరిగేది తక్కువ. సమన్లు నిజంగా మనిషికి చేరాలి. అయితే అందుకు పడాల్సిన పాట్లన్నీ వాది నెత్తిన వేసి కోర్టు పక్కకు తప్పుకోవడం కూడా అంతే తప్పు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పేవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. బాకీ రావాల్సినవాళ్లు మొదటిది వినరు, చట్టం తెలిసినవాళ్లు రెండోది పట్టించుకోరు.

మా బావది మదనపల్లె. అక్కతో పెళ్లయిన కొత్తలోనే బెంగళూరు వచ్చి కె.ఆర్. పురం అవతల చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. వార్డ్‌రోబులు, కిచెన్ షట్టర్లు, టీవీ యూనిట్లు చేసి ఇస్తాడు. ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరు, మన చిత్తూరు వైపు మనిషే, కొన్ని ఫ్లాట్ల పని బావ చేత చేయించుకున్నాడు. మొదట్లో డబ్బు సరిగ్గానే ఇచ్చాడు. తర్వాత రెండున్నర లక్షల పైచిలుకు బాకీ పెట్టి ఫోన్ ఎత్తడం మానేశాడు. బిల్లులున్నాయి, వాట్సాప్‌లో ‘వచ్చే వారం వేస్తా అన్నా’ అనే మెసేజ్‌లున్నాయి. మూడు లక్షలు దాటి ఉంటే కమర్షియల్ కోర్టుకు వెళ్లాలి, అక్కడ అత్యవసరమైతే తప్ప ముందు మీడియేషన్ చేసుకుని రమ్మంటారు. అంత లేదు కాబట్టి మామూలు డబ్బు దావానే వేశాడు. బావ లెక్కలు నేను చూస్తాను కాబట్టి కె.జి. రోడ్డు కోర్టుకు ఆయనతో పాటు నేనూ తిరిగాను.

దావాలో ప్రతివాది అడ్రసు రాయడం వాది బాధ్యత. సివిల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 7 రూల్ 1 ప్రకారం, తెలుసుకోగలిగినంత మేరకు రాయాలి. బెంగళూరులో ఇదే పెద్ద పరీక్ష. ఫలానా స్టేజీ, ఫలానా మెయిన్, ఫలానా క్రాస్ అని రాస్తాం. అదే క్రాసు అవతలి బ్లాకులో కూడా ఉంటుంది. గేటు మీద పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఇంకొకటి. ఇక అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు అగ్రిమెంట్ పదకొండు నెలలకు అయిపోగానే ఇంకో ఏరియాకు మారిపోతారు. బావ దగ్గర ఉన్నవి రెండు అడ్రసులు. ఒకటి బిల్లుల మీద ఉన్న హెచ్ఎస్ఆర్ లేఅవుట్ ఫ్లాటు, రెండోది ఊళ్లో ఇల్లు.

కోర్టు సమన్లు రెండు దారుల్లో పంపింది. ఒకటి రిజిస్టర్డ్ పోస్టు, రెండోది అమీనా, అంటే సమన్లు చేతికిచ్చే కోర్టు ఉద్యోగి (ప్రాసెస్ సర్వర్). పోస్టులో వెళ్లిన కవరు తిరిగొచ్చాక దాన్ని కోర్టు ఫైల్లో చూశాను. వెనకవైపు పోస్ట్‌మ్యాన్ నీలం పెన్నుతో ఒకదాని కింద ఒకటి తేదీలు వేశాడు. ప్రతి తేదీ పక్కనా ‘డోర్ లాక్డ్’. చివర్లో ‘ఇంటిమేషన్ డెలివర్డ్’, దాని కింద వంకరగా పడిన రౌండు సీలు. రసీదు కార్డు కవరుకే అంటుకుని ఉంది, సంతకం చోటు ఖాళీ. ‘తీసుకోనన్నాడు’ అని రాసి ఉంటే పని సులువయ్యేది, ఎందుకంటే నిరాకరిస్తే సమన్లు అందినట్టే లెక్క అని ఆర్డర్ 5 రూల్ 9 చెప్తుంది. తాళం వేసి ఉందంటే మాత్రం నిరాకరించాడని కాదు. ఇల్లు ఖాళీ చేసి ఉండొచ్చు, ఆఫీసుకు పోయి ఉండొచ్చు, లోపలే ఉండి తలుపు తీయకపోయి ఉండొచ్చు. ఆ రెండు ముక్కల వెనక ఏముందో ఎవరూ చెప్పలేరు. అన్నట్టు, 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. కోడ్‌లో మాత్రం రిజిస్టర్డ్ పోస్టు అన్న మాట అలాగే ఉంది.

అమీనా ముళబాగిలు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు. ఆయనతో కలిసి ఫ్లాటు దగ్గరికి వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఫోన్లో యాప్ తెరిచి ఫ్లాట్ నంబరు కొట్టాడు. కాసేపటికి లోపలినుంచి ‘వద్దు’ అని వచ్చింది. కోర్టు కాగితమని చెప్తే, నేనే తీసుకుని పైన ఇస్తానని చెయ్యి చాచాడు. అమీనా ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. ప్రతివాది ఇంట్లో లేనప్పుడు, ఇప్పట్లో దొరికేట్టు లేనప్పుడు, అతనితో కలిసి ఉండే కుటుంబంలోని పెద్దవాళ్లకు ఇవ్వొచ్చని రూల్ 15 అంటుంది. పనివాళ్లు కుటుంబం కిందకు రారని ఆ రూలే విడిగా చెప్తుంది. (1976 సవరణకు ముందైతే కుటుంబంలో మగవాళ్లకే ఇవ్వాలి. ఇంట్లో భార్య ఉన్నా, తల్లి ఉన్నా ఇవ్వడానికి లేదు.)

మిగిలింది రూల్ 17. మనిషి దొరకకపోతే అతను మామూలుగా కాపురముండే ఇంటి బయటి తలుపుకో, ఇంట్లో అందరికీ కనపడే చోటో సమన్లు అంటించవచ్చు. ఎవరు ఇల్లు చూపించారో, ఎవరి ఎదుట అంటించారో వాళ్ల పేరూ అడ్రసూ రిపోర్టులో రాయాలి. అమీనా బావను పక్కకు పిలిచి అడిగాడు. ‘సామీ, ఈ ఇంట్లో ఆయన ఉండాడని నువ్వు సంతకం పెడతావా? పెడితే ఎట్టోకట్ల పైకి పోయి అంటిస్తా. రేపు జడ్జి అడిగితే నువ్వే చెప్పాల.’

లాయరు గుమస్తా కూడా మాతో వచ్చాడు. పెట్టెయ్యండి సార్, అందరూ పెడతారు అన్నాడు. బావ పెట్టలేదు. అతను ఇక్కడ ఉంటున్నాడని నేను కళ్లతో చూడలేదు కదా అన్నాడు. తర్వాత అసోసియేషన్‌లో విచారిస్తే తేలిందేమంటే, ఆ ఫ్లాట్లో వేరే కుటుంబం అద్దెకుంటోంది. ‘వద్దు’ అన్నది వాళ్లు. మేం వెతికే కాంట్రాక్టరు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆ రోజు సంతకం పడి ఉంటే, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల తలుపుకు అంటించిన కాగితం మీద మా కేసంతా నిలబడి ఉండేది.

ఊరి అడ్రసు సంగతి ఇంకో రకం. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లకు సమన్లు అక్కడి కోర్టు ద్వారా వెళ్తాయి. అక్కడి అమీనా రిపోర్టు తెలుగులో రాశాడు. ప్రతివాది ఈ ఇంట్లో లేడని, బెంగళూరులో ఉన్నట్టు తండ్రి చెప్పాడని. బావకు అది చదువుకోవడం క్షణం పని. కానీ ఇంకో రాష్ట్రపు కోర్టుకు పంపే రికార్డు హిందీలోనో ఇంగ్లీషులోనో లేకపోతే అనువాదం జతచేయాలని సెక్షన్ 28 అంటుంది. సరిహద్దుకు ఇవతల కోలారులో సగం మంది తెలుగు మాట్లాడతారు, అయినా కాగితానికి అనువాదం కావాలి. ఆ తండ్రికే ఇచ్చేసి వస్తే పోయేది కదా అని మావాళ్లు అన్నారు. అదీ కుదరదు. రూల్ 15లో కుటుంబసభ్యుడంటే ప్రతివాదితో కలిసి ఉంటున్నవాడు. కొడుకు బెంగళూరులో, తండ్రి ఊళ్లో ఉంటే ఆ తండ్రికి ఇచ్చింది కొడుక్కి ఇచ్చినట్టు కాదు. ఇది సరైన రూలే అంటాను. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు!

ఈ దశకు వచ్చాక ప్రతి ఒక్కరూ చెప్పే సలహా ఒక్కటే. ‘పేపర్ పబ్లికేషన్‌కు పిటిషన్ వేసేయండి.’ ఆర్డర్ 5 రూల్ 20 కింద ఆ అవకాశం ఉన్న మాట నిజం. అయితే అది ఎవరికోసం పెట్టారో చదవాలి. సమన్లు తప్పించుకోవడానికే ప్రతివాది దాక్కుంటున్నాడని, లేదా వేరే కారణం వల్ల మామూలు పద్ధతిలో అందించడం కుదరదని కోర్టు నమ్మాలి. నమ్మడానికి కారణం కనపడాలి. ప్రకటన కూడా అతను చివరిసారి నిజంగా ఉన్న ప్రాంతంలో చదివే దినపత్రికలో రావాలి. 2018లో నీర్జా రియల్టర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. ప్రకటన అనేది మామూలు పద్ధతికి మినహాయింపు మాత్రమే. అమీనా రిపోర్టులో రూల్ 17 ప్రకారం జరగాల్సినవి జరగలేదని కనపడుతున్నప్పుడు నేరుగా పేపర్ ప్రకటనకు ఆదేశించడం చెల్లదు.

అయినా జరుగుతున్నదేమిటి? చిన్న అక్షరాల ప్రకటన ఎక్కడో లోపలి పేజీలో వస్తుంది. వైట్‌ఫీల్డ్‌లో ఉండే తెలుగువాడి కోసం ఇచ్చిన ప్రకటన అతను ఎన్నడూ తెరవని ఇంగ్లీషు పేపర్లోనో, చదవడం రాని కన్నడ పేపర్లోనో పడుతుంది. తెలుగు దినపత్రికలకు బెంగళూరు ఎడిషన్లున్నాయి, కనీసం వాటిలో వేయించాలన్న ఆలోచన కూడా ఉండదు. ఆ కటింగ్ ఫైల్లో పెడితే ప్రతివాదిని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే అతను లేకుండానే కేసు నడిపిస్తారు, డిక్రీ (కోర్టు తేల్చిన తీర్పు ఆర్డరు) వస్తుంది, వాది స్వీట్లు పంచుతాడు.

వాదులు తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది. రూల్ 20 కింద అందించిన సమన్లు చేతికిచ్చిన సమన్లతో సమానమని కోడ్ చెప్తుంది. కోర్టు పనులకు గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో మాత్రం ఇంకో లెక్క. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందినవాడికి ఆ గడువు డిక్రీ తేదీ నుంచి మొదలవుతుంది, అందనివాడికి డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. పేపర్ ప్రకటన లాంటి సర్వీసును ‘సరిగ్గా అందిన’ దాని కింద లెక్కవేయకూడదని ఆర్టికల్ 123 కింద వివరణలోనే రాసి ఉంది. అంటే ప్రకటనతో తెచ్చుకున్న డిక్రీకి, ఆ సంగతి ప్రతివాదికి తెలిసేదాకా గడువు గడియారం మొదలే కాదు. నాలుగేళ్ల తర్వాత వచ్చి ‘నాకు నిన్ననే తెలిసింది’ అని పిటిషన్ వేసినా, అది నిజమని చూపించుకోగలిగితే అతను గడువులోనే ఉన్నట్టు. నిజంగా తప్పించుకున్నవాడికి ఇది దొరికితే వాదికి మండుతుంది, ఆ మంట నాకు తెలుసు. కానీ అందరూ తప్పించుకునేవాళ్లు కారు.

మా పక్కింటి పిన్ని కొడుకు సంగతి చెప్తాను. పలమనేరు నుంచి ఉద్యోగానికి వచ్చి మారతహళ్లిలో పీజీలో ఉండేవాడు. రూమ్మేటు అప్పు తీసుకుంటుంటే జామీను సంతకం పెట్టాడు. అప్లికేషన్లో పీజీ అడ్రసే రాశాడు. రూమ్మేటు కట్టలేదు. ఫైనాన్సు కంపెనీ ఇద్దరి మీదా దావా వేసింది. అప్పటికి వీడు పీజీ మారాడు, ఉద్యోగం కూడా మారాడు. సమన్లు పాత పీజీకి పోయి తిరిగొచ్చాయి, పేపర్లో ప్రకటన పడింది, డిక్రీ అయింది. ఇవేవీ వీడికి తెలియవు. తెలిసిందెప్పుడు? కొత్త ఆఫీసు హెచ్‌ఆర్ పిలిచి, నీ జీతంలో కోత పెట్టమని కోర్టు ఆర్డరు వచ్చింది, ఏమిటిది అని అడిగినప్పుడు. పిన్ని మా ఇంటికొచ్చి ఏడ్చింది. ‘నా కొడుకు దొంగతనం చేసినాడా? పిలిస్తే పోయి చెప్పుకునేవాడు కదా’ అంది.

నోటీసు ఇవ్వడానికి దొరకని మనిషి, జీతం పట్టుకోవడానికి ఎలా దొరికాడు? డిక్రీ చేతికొచ్చాక అతను ఎక్కడ పనిచేస్తున్నాడో కనుక్కోవడానికి మనుషులను పెట్టారు. ఆ వెతుకులాటలో పదో వంతు దావా వేసిన రోజు చేసి ఉంటే సరిపోయేది. చివరికి డిక్రీ రద్దయింది, దావా మళ్లీ మొదటికొచ్చింది. కంపెనీకి పోయిన కాలం తిరిగి రాలేదు, వీడి జీతంలో కోసిన డబ్బు వెనక్కి రావడానికి మళ్లీ తిరగాల్సి వచ్చింది. ఎవరు బాగుపడ్డారు?

అందుకే పేపర్ ప్రకటన అడిగే ప్రతి వాదినీ కోర్టు ఒక ప్రశ్న అడగాలి. అతన్ని కనుక్కోవడానికి నువ్వేం చేశావో ప్రమాణపత్రంలో రాసివ్వు. ఫోన్ చేశావా, పనిచేసే చోట అడిగావా, తెలిసినవాళ్లను అడిగావా? ఏమీ చేయకుండా వచ్చినవాడికి ప్రకటన ఇవ్వకూడదు. అలాగే వాది చేయలేని పని కోర్టు చేయాలి. ఒక మనిషి కొత్త అడ్రసు అతని బ్యాంకుకు తెలుసు, సిమ్ కార్డు కంపెనీకి తెలుసు. వాది వెళ్లి అడిగితే వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. జడ్జి అడగొచ్చు. ఆ అడ్రసు వాదికి చూపించకుండా నేరుగా అమీనాకు ఇచ్చినా చాలు. సమన్లు పంపేది కోర్టే, వాది కాదు. చట్టంలో ఉన్న మాటే ఇది. ఆచరణలో మాత్రం సమన్లు పంపడానికి ప్రాసెస్ ఫీజు కట్టేదీ, అమీనా వెంట తిరిగేదీ, ఇల్లు చూపించేదీ అన్నీ వాదే. పైగా తిరిగొచ్చిన సమన్ల మీద ఏడు రోజుల్లో మళ్లీ సమన్లకు అడగకపోతే దావా కొట్టేయవచ్చని ఆర్డర్ 9 రూల్ 5 బెదిరిస్తుంది. రోజుకూలీ చేసుకునేవాడికి బాకీ రావాల్సి ఉంటే ఈ తిరుగుడు తట్టుకోగలడా?

వాట్సాప్ సంగతి చాలామంది అడుగుతారు. ఈమెయిల్‌కు కోడ్‌లో 2002 సవరణ నుంచే చోటుంది. కోవిడ్ సమయంలో, 2020 జులైలో సుప్రీంకోర్టు ఈమెయిల్, ఫ్యాక్స్, వాట్సాప్ లాంటివాటితో సమన్లు పంపడానికి అనుమతిచ్చింది. అంతకుముందే 2018లో బాంబే హైకోర్టు, పీడీఎఫ్ చేరిందని, తెరిచారని నీలం టిక్కులు చూపిస్తున్నాయి కాబట్టి నోటీసు అందినట్టేనని ఒప్పుకుంది. నేను దీనికి అనుకూలమే, ఒక షరతు మీద. ఆ నంబరు అతను వాడుతున్నదేనని చూపించాలి. బావ కేసులో అది కష్టం కాదు. బేరం జరిగిందీ, డిజైన్లు వచ్చిందీ, ‘వచ్చే వారం వేస్తా’ అన్నదీ అదే నంబరు నుంచి. వ్యాపారానికి పనికొచ్చిన నంబరు సమన్లకు పనికిరాదంటే ఎలా?

దీనికి ఇంకో వైపు ఉంది. డిజిటల్ అరెస్టు మోసాలు చూశాక, తెలియని నంబరు నుంచి కోర్టు ముద్రతో పీడీఎఫ్ వస్తే మా అమ్మ తెరవదు, తెరవొద్దని నేనే చెప్పాను. కాబట్టి మెసేజ్ ఒక్కటే చాలదు. దానితో పాటు ప్రతి కేసుకూ విడిగా ఉండే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు పెద్దగా కనపడాలి, ఈ-కోర్ట్స్ సైటులో దాన్ని కొట్టి కేసు నిజమో కాదో చూసుకోవచ్చని తెలుగులో, కన్నడలో, తమిళంలో రెండు ముక్కలు రాసి ఉండాలి. అమీనాలకు ఎన్‌స్టెప్ అనే యాప్ ఇచ్చారు, ఎక్కడికి వెళ్లారో జీపీఎస్‌తో, ఫొటోతో నమోదవుతుంది. ఇది మంచి పని. కుర్చీలో కూర్చుని ‘ఇల్లు తాళం’ అని రాసే రిపోర్టులు దీనివల్ల తగ్గుతాయి. కానీ అమీనాల సంఖ్య పెంచకుండా, బండికి పెట్రోలు డబ్బు సరిగ్గా ఇవ్వకుండా యాప్ ఇస్తే, ఆ మనిషి ఎంత ఊరు తిరగగలడు?

కోడ్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. ఆర్డర్ 6 రూల్ 14ఏ ప్రకారం కేసులోకి వచ్చిన ప్రతి పక్షమూ నోటీసులకు ఒక అడ్రసు రాసివ్వాలి. తర్వాత ఇల్లు మారి చెప్పకపోతే, ఆ అడ్రసుకు పంపితే అందినట్టే. న్యాయమైన రూలు. కాకపోతే అది కోర్టులోకి అడుగుపెట్టినవాడికే వర్తిస్తుంది, అడుగుపెట్టనివాడిని ఏమీ అనదు. కంపెనీ అయితే ఈ బాధ లేదు, రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపితే చాలు. సొంత పేరు మీద బోర్డు కట్టుకుని లక్షల పని చేసేవాడికి ఆ బాధ్యత ఎందుకుండకూడదు? జీఎస్టీ నంబరు తీసుకునేటప్పుడు ఇచ్చిన వ్యాపార అడ్రసునే, వ్యాపారం వల్ల వచ్చిన దావాలకు నోటీసు అడ్రసుగా చట్టం గుర్తించాలి. మార్చుకుంటే పోర్టల్‌లో మార్చాలి, మార్చకపోతే ఆ నష్టం అతనిదే. పీజీలో ఉండే కుర్రాడికి ఇది పెట్టమనడం లేదు. వ్యాపారికి పెట్టమంటున్నాను.

మా కాంట్రాక్టరు దొరికింది కూడా జీఎస్టీ వల్లే. పాత బిల్లు మీద ఉన్న నంబరు పోర్టల్‌లో కొడితే కొత్త అడ్రసు చూపించింది, హొసకోటె వైపు ఒక షెడ్డు. బావ ముందుగా ఒకసారి వెళ్లి రోడ్డు అవతల నిలబడి అతన్ని కళ్లారా చూసి వచ్చాడు. తర్వాత కొత్త అడ్రసుతో మళ్లీ ఫీజు కట్టి, ఆ ముళబాగిలు అమీనాతోనే వెళ్లాడు. ఈసారి ‘ఇతనే’ అని చూపించడానికి బావ వెనకాడలేదు. ఆ మనిషి పెద్దగా గొడవ చేయలేదు, చదివి సంతకం పెట్టాడు. జవాబు వేయడానికి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. లాయరును పెట్టుకున్నాడు, పని నాసిరకంగా చేశారు కాబట్టి డబ్బు ఆపానంటున్నాడు. చెప్పుకోనీ. బిల్లులు, ఫొటోలు, మెసేజ్‌లు మా దగ్గరున్నాయి. తీర్పు ఎటు వచ్చినా ఇద్దరి మాటా విన్నాక వస్తుంది, నాలుగేళ్ల తర్వాత నాకు తెలియదని అతను అనడానికి లేదు.

ఈ మధ్య బావ వర్క్ ఆర్డర్ ఫారం మార్పించాను. అడ్వాన్సు తీసుకునే ముందు కస్టమరు నోటీసులకు అడ్రసు, ఈమెయిల్, వాట్సాప్ నంబరు రాసి, మారితే పదిహేను రోజుల్లో తెలియజేస్తానని సంతకం పెట్టాలి. బావ కూడా తన వర్క్‌షాప్ అడ్రసు రాసి అదే మాట మీద సంతకం పెడతాడు. ఎందుకివన్నీ అని కొందరు అడుగుతారు. పని బాగా రాకపోతే మీరు నా మీద కేసు వేయడానికి కూడా ఇదే అడ్రసు అని బావ చెప్తాడు. ఎక్కువమంది సంతకం పెడుతున్నారు. పెట్టనివాళ్ల పని మాత్రం పూర్తి డబ్బు ముందే ఇస్తేనే ఒప్పుకుంటున్నాం.